సాక్షి ముక్క

పొద్దుగూకి ఇంటికి రాగానే మా బాపు నన్ను ఒక కొత్త మాట అడిగేవాడు. ఆ రోజు ల్యాబ్‌లో నేను విన్న మాట ఏదైనా సరే. బదులుగా తన షాపు మాట ఒకటి చెప్పేవాడు. నేను ఉద్యోగంలో చేరిన నాటి నుంచి మా ఇద్దరి మధ్య ఈ బేరం నడిచింది.

“ప్రోటోటైప్ అంటే ఏంది బిడ్డా?”

“అసలుది చేసే ముందు ఒకటి చేసి చూస్తం గద బాపూ, అది.”

“ఫస్ట్ పీస్ అనరాదు మరి. గంత పెద్ద పేరెందుకు? మేము దాన్ని అమ్మం. కొలిచి, బాగుంటే పసుపు వెట్టి దేవుని పటం కాడ పెడ్తం. బాగ లేకుంటే ఎర్ర పెయింట్ పూసి మూలకేస్తం. మల్ల మంచివాట్ల కలువకుండ.”

బాపు పేరు లింబాద్రి. బాలానగర్‌లో ఒక చిన్న మెషిన్ షాపులో టర్నర్. లేతు మీద గిరగిరా తిరిగే ఇనుప కడ్డీకి టూలు ఆనించి, వెంట్రుకంత తేడా రాకుండా చెక్కడం ఆయన పని. మా రెండు వైపుల చుట్టాల్లోనూ ఇంజనీరింగ్ చదివింది నేనొక్కదాన్నే. నా చదువును బాపు తన మైక్రోమీటర్‌ను చూసుకున్నట్టే చూసుకునేవాడు. తుడిచి, డబ్బాలో పెట్టి, ఇంకొకరి చేతికి ఇవ్వకుండా.

ఆ చదువుకు పని చూపించింది హైమవతి మేడం. కాలేజీలో నాకు పాఠం చెప్పిన మనిషి. సెమినార్‌లో ఇంగ్లిష్ తడబడి నేను ఆగిపోతే వెనక బెంచీలు నవ్వాయి. “తెలుగులో చెప్పు వినీలా, లోహానికి భాష లేదు” అంది మేడం. ఆ రోజు నుంచి ఆవిడ ఏం చెప్పినా నేను రెండోసారి అడగలేదు. చదువైపోగానే శామీర్‌పేట దగ్గరున్న తన ల్యాబ్‌కు నన్ను తీసుకుంది.

జీవలోహం ఆవిడ కనిపెట్టిందే. లోహపు పొడిని ఒక ప్లేటు మీద పలచగా పరిచి, లేజర్‌తో కరిగించి, పైన మళ్లీ పొడి పరిచి, పొర మీద పొరగా మోకాలి కీలును పెంచుతాం. అది ఒంట్లోకి వెళ్లాక ఆ మనిషి నడక నేర్చుకుంటుంది. సన్నని పగుళ్లను తనే పూడ్చుకుంటుంది. బయటి నుంచి సంకేతం పంపితే గట్టిపడుతుంది, మెత్తబడుతుంది. కారు ప్రమాదంలో నుజ్జయిన తన మోకాలికే మేడం మొదటి కీలు పెట్టించుకుంది. రెండోది, నిలబడి నిలబడి కుడి మోకాలు అరిగిపోయిన మా బాపుకి.

దానికోసం ఆవిడే స్వయంగా మా ఇంటికొచ్చింది. అప్పటికింకా చేతికర్రతో నడుస్తోంది. అమ్మ పెట్టిన మక్కరొట్టె తుంచుకుంటూ, “ముప్పై ఏళ్లు నిలబడ్డ కాలు అన్నయ్యా, ఇంక దానికి సెలవివ్వు” అంది. “నాదీ నీదీ ఒకే పొడిలోంచి, ఒకే ప్లేటు మీద పెరిగినవి. తోడబుట్టినవన్నమాట.”

బాపు ఆ మాట పట్టుకున్నాడు. ఆపరేషన్ అయి షాపుకు పోయిన మొదటి రోజే అందరికీ చెప్పాడట. “మేడం మోకాలు, నా మోకాలు అన్నాచెల్లెండ్లు.”

మిల్లింగ్ మిషిన్ నడిపే జహంగీర్ భాయ్ ఊరుకుంటాడా? “అయితే రాఖీ పండుగకు మోకాలికే కడ్తదా లింబన్నా?”

అందరూ నవ్వారట. బాపు కూడా నవ్వి, తన కోసం సేఠ్ తెప్పించిన ఇనుప స్టూలును కాలితో అవతలికి నెట్టాడట. లేతు ముందు కూసున్నోడు టర్నరే కాడు, అన్నది ఆయన పాత మాట.

ఒక సాయంత్రం నేను ‘సాక్షి ముక్క’ అన్న మాట తెచ్చాను.

“కోర్టుల చెప్పే సాక్షా?”

“కాదు బాపూ. ప్లేటు మీద మంచి పీసు పెంచేటప్పుడు, పక్కనే అదే పొడితోటి ఇంకోటి పెంచుతం. దాన్ని విరిగేదాంక సతాయిస్తం. అది ఏడ విరుగుతదో చూస్తే, మంచిది ఏడిదాంక ఓర్చుకుంటదో తెలుస్తది. మంచిదాన్ని ముట్టుకోం.”

బాపు ముద్ద నోటి దాకా తెచ్చి ఆగాడు. “అంటే దాని తప్పు లేకున్నా ఇరగ్గొడ్తరు.”

“లోహమే గద బాపూ.”

“లోహమేలే.” కాసేపు నమిలాడు. “మా దాంట్ల తప్పున్నదాన్నే మూలకేస్తం.”

ల్యాబ్‌లో నా పని ఆ సాక్షిని చూసుకోవడమే. మేడం చెప్పిన ప్రకారం ఆ మొదటి ప్లేటు మీద మూడు కీళ్లు పెరిగాయి. మేడంది, బాపుది, సాక్షిది. సాక్షిని పుణేలో ఒక నడిచే యంత్రానికి బిగించారు. మనిషి ఎలా నడుస్తాడో, ఎలా ఆగుతాడో, ఎప్పుడు పడుకుంటాడో అన్నీ ఆ యంత్రానికి నేర్పారన్నారు. దాని మీద పడే బరువు ఒక గీతగా నా తెర మీదికి వచ్చేది. ప్రతి సోమవారం నేను ఆ కీలును కొంచెం గట్టిపరిచేదాన్ని. గట్టిపడ్డ కీలు అడుగు దెబ్బను మింగదు. దెబ్బ నేరుగా లోపలికి దిగి పగులు పుడుతుంది. అది పుట్టిన చోటు చూసి, మేడం కీలును అక్కడ ముందుగానే సర్దుతాం.

“బాపు కీలు కూడా సర్దుతున్నారా మేడం?” అని ఒకసారి అడిగాను.

“పేషెంట్ల సంగతి డాక్టర్లు చూస్తారు. మనం సాక్షిని చూద్దాం” అంది. నేను తలూపాను.

సాక్షి గీతలో నాకు అర్థం కానిది ఒకటుండేది. నడకల మధ్య అప్పుడప్పుడు మూడు దెబ్బలు కనిపించేవి. రెండు పొట్టివి, ఒకటి పొడుగుది. మనిషి నడకలో అలాంటి అడుగు లేదు. పుణే యంత్రంలో ఏదో నట్టు వదులై ఉంటుందనుకుని మేడంకి చూపించాను.

“శబ్దం. తీసెయ్” అంది. గీతలో కలిసే పనికిరాని చెత్తను ల్యాబ్‌లో అలాగే అంటాం.

తీసేశాను. ఆ మూడు దెబ్బలు ఎక్కడ కనిపించినా దానంతటదే తుడిచేసే ప్రోగ్రాం రాశాను. గీత కడిగిన పళ్లెంలా అయింది. మేడం చూసి నా భుజం మీద చెయ్యి వేసింది. “నీ అంత శ్రద్ధ ఈ ల్యాబ్‌లో ఎవరికీ లేదు.” ఆ రోజు ఇంట్లో చెబితే బాపు మీసం తడుముకుని, “నా బిడ్డ గద” అన్నాడు.

ఇక సోమవారాల సంగతి. ఆ సాయంత్రాలు బాపు గడపలోనే కూలబడి కాలు చాపుకునేవాడు. అమ్మ ఉప్పు మూట వేడిచేసి కాపడం పెట్టేది.

“ముసురు వట్టింది గద, అందుకే గుంజుతున్నది” అనేవాడు.

ముసురు పోయింది. ఎండలొచ్చాయి. నొప్పి పోలేదు.

“సోమారం నాకు పడ్తలేదు. శివయ్యకు కోపమొచ్చిందేమో.”

“శివయ్యకు నీతోటే పనున్నదా?” అమ్మ మూట గట్టిగా అదిమింది. “బిడ్డా, మేడంకు జెప్పరాదు?”

చెప్పాను. మేడం నిదానంగా విన్నది. “కొత్త కీలు ఇంకా నేర్చుకుంటోంది వినీలా. నాకూ మొదట్లో అలాగే ఉండేది” అంది. చెప్పి, లిఫ్టు దగ్గర ఆగకుండా మెట్లెక్కి పైఅంతస్తుకు వెళ్లింది. చేతికర్ర లేదు. కాళ్ల చప్పుడు ఒకటికొకటి సమానంగా వినిపించింది. మా బాపు కూడా ఒక రోజు ఇట్లనే ఎక్కుతాడని, నిలబడి సంతోషంగా చూశాను.

బతుకమ్మ రోజుల్లో ల్యాబ్‌కు సెలవు ఇచ్చారు. బాపు టిఫిను మరిచిపోతే నేనే పట్టుకుని షాపుకు వెళ్లాను. ఆయన ఇత్తడి జాబ్ మీద ఉన్నాడు. సన్నని నడుము, వెడల్పు పీట ఉన్న దీపపు కుంది ఒకటి, జాబ్‌ను పట్టి తిప్పే చక్‌లో తిరుగుతోంది. బంగారు రంగు చుట్టలు ఆయన చెప్పుల మీద రాలుతున్నాయి.

“సూడు బిడ్డా” అన్నాడు జహంగీర్ భాయ్. “దసరాకు మీ ల్యాబ్‌ల పూజ ఉంటదట గద. లింబన్న చెల్లెకు కుంది చేస్తుండు. ఇన్నేండ్లు పక్కన నిలవడ్డ, నాకు ఒక చాయ్ గిలాస చేసిండా?”

“నీ మోకాలు కూడ మార్పిచ్చుకో, చేస్త” అన్నాడు బాపు. నన్ను చూసి మిషిన్ ఆపడానికి కింద ఉన్న బ్రేకు మీద కుడికాలు వేశాడు.

టప్. టప్. టా…ప్.

అది పాత లేతు. బ్రేకు ఒక్కసారే తొక్కితే చక్ ఝటక్కున ఆగి జాబ్ మీద గీత పడుతుంది. అందుకని రెండుసార్లు చిన్నగా తట్టి, మూడోసారి నిదానంగా అదిమిపట్టడం బాపుకు అలవాటైంది. చిన్నప్పుడు సందు మొదట్లోనే ఆ చప్పుడు విని, బాపు మిషిన్ ఆపిండు, అన్నం తింటడు అని పరిగెత్తేదాన్ని.

ఎన్నోసార్లు విన్న చప్పుడు. ఆ రోజు మాత్రం నాకు వినిపించలేదు, కనిపించింది. రెండు పొట్టి మొనలు, ఒక పొడుగు గుట్ట. మూడోసారి అదిమినప్పుడు బాపు పెదవి పళ్ల కింద నొక్కుకున్నాడు.

“ఏంది గట్ల జూస్తవ్? నువ్వు అన్నం తిన్నవా?” అన్నాడు.

“ల్యాబ్‌ల పనున్నది బాపూ” అని బయటికి వచ్చేశాను.

సెలవు రోజు ల్యాబ్‌లో వాచ్‌మన్ తప్ప ఎవరూ లేరు. నా తెర ముందు కూర్చుని నేను రాసిన ప్రోగ్రాం తీసేశాను. నెలల గీత మొత్తం తిరిగి తన అసలు రూపానికి వచ్చింది. ప్రతి పనిరోజూ మూడు దెబ్బలు. ఆదివారం లేవు. పొద్దున మొదలై, మధ్యాహ్నం అన్నం వేళ ఆగి, సాయంత్రం దాకా. నేను అంత శ్రద్ధగా తుడిచింది ఎవరినో అప్పటికే నాకు తెలిసింది. అయినా చదువుకున్నదాన్ని కాబట్టి రుజువు కావాలనిపించింది. ఫోన్ చేశాను.

“బాపూ, లేతు కాడనే ఉన్నవా?”

“ఉన్న. ఏమైంది బిడ్డా?”

“ఒక్కసారి బ్రేకు తొక్కు.”

“మిషినే చాలు చెయ్యలే, ఆగే ఉన్నది. ఇప్పుడే తిన్న.”

“ఊకనే తొక్కు.”

“ఏందో పరీక్ష వెడ్తున్నది జహంగీర్, నా బిడ్డ” అంటూ నవ్వాడు. ఫోన్‌లో టప్, టప్, టాప్ అని వినిపించింది. చప్పుడు నా చెవిలో ఉండగానే తెర మీద రెండు మొనలు లేచాయి. వెనకే గుట్ట.

“ఇంకోసారి.”

మళ్లీ లేచాయి.

“బాగ వచ్చిందా?” అని అడిగాడు.

“వచ్చింది బాపూ.”

ఫోన్ పెట్టేశాక గోడకేసి చూశాను. మొదటి కీళ్లు పెరిగిన ప్లేటును మేడం గుర్తుగా అక్కడ తగిలించింది. దాన్ని రోజూ నేనే తుడిచేదాన్ని. పీసును ప్లేటు నుంచి కోసి తీస్తే కింద మచ్చ మిగులుతుంది. ఎంత నునుపు చేసినా వేలికి తగులుతుంది. వేలు పెట్టి వెతికాను. రెండు మచ్చలున్నాయి. మూడోది ఉండాల్సిన చోట లోహం పుట్టినప్పటిలాగే ఉంది.

మేడం ఇల్లు ల్యాబ్ ఆవరణలోనే. రమ్మని ఫోన్ చేస్తే ఎందుకని కూడా అడగలేదు. మెట్ల మీద ఆ సమానమైన అడుగులు వినిపించాయి.

“పుణేలో ఏముంది మేడం?”

ఆవిడ నా తెర చూసింది. తుడవని గీత చూసింది. కుర్చీ లాక్కుని కూర్చుంది.

“ఏమీ లేదు.”

ఆవిడ బుకాయిస్తుందనుకున్నాను. బుకాయిస్తే బాగుండేది.

“యంత్రానికి బిగిస్తే ఇది నేర్చుకోదు వినీలా. ఎంత ప్రయత్నించానో నీకు తెలియదు. ఒంట్లో ఉంటేనే నేర్చుకుంటుంది. ఎవరో ఒకరి ఒంట్లో ఉండాలి. ఆయన అప్పటికే నడవలేకపోతున్నాడు. నేను ఆయనకు నడక ఇచ్చాను. అది కూడా నిజమే కదా?”

“చెప్పి ఇవ్వాల్సింది.”

“చెబితే జాగ్రత్తగా నడిచేవాడు. జాగ్రత్తగా నడిచే సాక్షి నాకేం చెబుతుంది?”

“నాకు?”

“నీకు చెబితే నువ్వు గట్టిదనం పెంచేదానివా?”

“మరి నా చేత్తోనే ఎందుకు మేడం?”

ఆవిడ నిజంగానే ఆశ్చర్యపోయింది, ఇది కూడా చెప్పాలా అన్నట్టు. “ఇంకెవరినైనా కూర్చోబెడితే తొందరపడేవాళ్లు. ఒక్కసారే పెంచి విరగ్గొట్టేవాళ్లు. నువ్వు కొంచెం కొంచెంగా, పద్ధతిగా పెంచుతావు. అన్నయ్యకి నేను చేయగలిగిన మేలు అదొక్కటే అనుకున్నాను.”

అన్నయ్య అనే అంది. అప్పుడు కూడా.

పగులు ఎంత లోతుందో నన్నడిగితే చెప్పగలను, ఎందుకంటే దాన్ని పెంచింది నేనే. తనంతట తాను పూడ్చుకునే హద్దు దాటిపోయింది. బాపు ఇకమీద రోజంతా నిలబడితే అది విరుగుతుంది. మెత్తగా ఉంచి, కూర్చుని పని చేస్తే నిలుస్తుంది. లేతు ముందు కూర్చుని.

నేను సాక్షి కీలును పూర్తిగా మెత్తబరిచాను. ఇకమీద ఎవరూ సంకేతం పంపకుండా దారి మూసేయబోయాను.

“అది మూస్తే నాది ఎక్కడ విరుగుతుందో నాకు తెలియదు” అంది మేడం. మొదటిసారి ఆవిడ గొంతులో తొట్రుపాటు విన్నాను.

“మా బాపుకు కూడా తెలియదు మేడం.”

ఇంకో పని కూడా చేయవచ్చు. తెర మీద ఒకదాని పక్కన ఒకటి రెండు పేర్లున్నాయి. ఒకటి కీలు, ఒకటి సాక్షి. పేర్లు తారుమారు చేస్తే చాలు, సోమవారాలు ఆవిడ మోకాలికి మొదలవుతాయి. నా వేలు అక్కడిదాకా వెళ్లి ఆగింది. ఎందుకు ఆగానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. మంచితనం మాత్రం కాదు. ఆ పని నేర్పింది ఆవిడే, నేను ఆవిడలా చేయి తిరిగినదాన్ని కాకూడదనిపించిందేమో. దారి మూసేసి లేచాను.

“వినీలా, ఆ మూడు దెబ్బలు ఏమిటి?” మేడం తెర మీదికి వంగి చూస్తోంది. ఆ క్షణంలో కూడా తెలుసుకోవాలన్న ఆత్రం ఆవిడ ముఖం మీద ఉంది. “నడక కాదు, మెట్లు కాదు. నాకు ఎప్పటికీ అంతుపట్టలేదు.”

“శబ్దం మేడం” అన్నాను.

నేను మెట్లు దిగుతుంటే వెనక మేడం కోసం లిఫ్టు వస్తున్న మోత వినిపించింది.

షాపుకు వెళ్లేసరికి బాపు కుందికి ఆఖరి నునుపు ఇస్తున్నాడు. జహంగీర్ భాయ్‌ని కూడా పొమ్మనలేదు నేను. అన్నీ అక్కడే నిలబడి చెప్పాను. బాపు బనియన్ గుడ్డ పేలికతో చేతులు తుడుచుకుంటూ విన్నాడు. చేతులు ఎప్పుడో శుభ్రమయ్యాయి, తుడుస్తూనే ఉన్నాడు.

“మూడోది లేనే లేదా?”

“లేదు బాపూ.”

“తోడవుట్టినయ్ అన్నది గద.”

“అన్నది.”

“రొట్టె తిన్నది గద మనింట్ల.”

తలూపాను.

“మరి సోమారాలు…”

“నేనే బాపూ. నీదని నాకు తెల్వదు.”

బాపు నా ముఖంలోకి చూశాడు. వచ్చిన జాబ్‌ను కొలిచే ముందు వెలుతురుకు పట్టి చూస్తాడే, అట్లా చూశాడు.

“ఎంతెంత పెంచినవ్?”

“కొంచెం కొంచెం.”

“ఊఁ” అన్నాడు. జేబులోంచి ఫోన్ తీసి నా చేతిలో పెట్టాడు. “మేడం పెట్టిన గా యాప్ తీసెయ్. మోకాలు సంగతి దాంతోటి తనకు ఎరుకవుతదని చెప్పింది నాకు.”

తీసేశాను.

“జహంగీర్, గా స్టూల్ ఇటియ్యి.”

జహంగీర్ భాయ్ మూల నుంచి స్టూల్ తెచ్చి, తన చొక్కా అంచుతోనే దాని మీది దుమ్ము దులిపి, లేతు ముందు వేశాడు. బాపు కూర్చున్నాడు. చక్ ఆయన గుండెల ఎత్తుకు వచ్చింది. మిషిన్ చాలు చేసి, కుంది మెడ మీద టూలు ఒకసారి నడిపించాడు. అయిపోయాక ఆపడానికి కుడికాలు కదిలింది. సగంలో వెనక్కి తీసుకుని ఎడమకాలు చాచాడు.

ఎడమకాలికి ఆ తట్టుడు రాదు. ఒక్కసారే దిగింది. చక్ ఝటక్కున ఆగింది. ఇత్తడి మెడ చుట్టూ సన్నని గీత పడింది.

బాపు దాన్ని చక్‌లోంచి విప్పి, బొటనవేలితో ఆ గీతను తడిమాడు. కిటికీలో ఉన్న ఎర్ర పెయింట్ డబ్బా అందుకుని, బ్రష్‌తో పూసి, మూలకు పెట్టాడు.

“మంచివాట్ల కలువద్దు” అన్నాడు, ఎవరినీ చూడకుండా.

ఇంటికి నా భుజం పట్టుకునే నడిచాడు. అమ్మ అన్నం వడ్డించింది. బల్బు కింద ముగ్గురం కూర్చున్నాం. ఆ రోజు మాట అడుగుతాడని నేను కంచంలో చెయ్యి పెట్టకుండా ఎదురుచూశాను.

బాపు చారు పోసుకుని తినడం మొదలుపెట్టాడు.